తబిత ఎవరు

చర్చి నుంచి వచ్చిన డేవిడ్ రాజు బైబిలును బీరువా మీద పెట్టి, ఇస్త్రీ చొక్కా మార్చకుండానే వరండా కుర్చీలో కూలబడ్డాడు. భార్య సీతమ్మ మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. ఆయన గ్లాసు ముట్టలేదు.

"పెద్దల సంఘంలకెల్లి నా పేరు తీసెయ్యమని చెప్పొచ్చిన," అన్నాడు ఎవరి వంకా చూడకుండా.

వంటింటి గడపలో నిలబడ్డ సునీల చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆమె ఈ ఇంటికి కోడలుగా రాకముందు నుంచీ మామయ్య ఆ సంఘంలో పెద్ద. తమవాళ్ళ ఇళ్ళలో పెళ్ళయినా చావైనా ముందు కబురు ఆయనకే వచ్చేది.

"ఎందుకు గట్ల?" అంది సీతమ్మ.

"నన్నెందుకు అడుగుతవ్, కోడల్ని అడుగు. ఆరాధన అయినంక బయట చెప్పులేసుకుంటున్న. శాంతయ్య వచ్చి పక్కన నిలబడ్డడు. 'తబిత ఎవరు, రాజన్నా?' అన్నడు. ఎన్కల నలుగురు నవ్విన్రు. నేను చూసేసరికి మొకాలు తిప్పుకున్నరు."

తబిత ఎవరో శాంతయ్యకు తెలియక కాదు. డేవిడ్ రాజు కూతురు షెకీనా, మంఖాల్ పిల్లవాడు నవీన్‌కుమార్‌ను రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకొని నాలుగేళ్ళవుతోంది. నవీన్ వాళ్ళు హిందువులు. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో షెకీనా పేరు ఎవరూ పలకలేదు. పలకొద్దని డేవిడ్ రాజు అననూ లేదు. ఒకరోజు సీతమ్మ అలవాటు కొద్దీ ఐదు కంచాలు పెడితే, ఆయన లేచి ఒకటి తీసుకెళ్ళి లోపల పెట్టి వచ్చాడు. అంతే.

ఆ పిల్ల కథనే సునీల తబిత అని పేరు మార్చి ఇన్నాళ్ళూ తన బ్లాగులో రాసింది. బ్లాగు పేరు 'మేడగది'. రాసేది ఎవరో బయట ఒక్కరికీ తెలియదు. మొన్న గురువారం ప్రచురణ సంస్థ వాళ్ళు 'మేడగది' కథ పుస్తకంగా వస్తోందంటూ నవల అట్టనూ సునీల ఫొటోనూ పక్కపక్కన పెట్టి ఫేస్‌బుక్‌లో వేశారు. ఆదివారానికి చర్చి అంతా బ్లాగు చదివేసింది.

"మామయ్యా, అది కథ," అంది సునీల.

"కథనే. నేను కాదంటలేను. కథల తండ్రి ఏం పని చేస్తుండె?"

సునీల చేతిలోని గరిటె వైపు చూసింది.

"చెప్పమ్మా."

"కరెంటాఫీసుల."

"నేనెక్కడ చేసిన?"

సీతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చర్చిల ఏముంటడు ఆ తండ్రి?"

"పెద్ద."

"పేరొక్కటి మార్చినవ్. దాని గొంతు కింద పుట్టుమచ్చ గూడ అట్లనే ఉంచినవ్." ఆయన గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని సునీలకు అనిపించింది. "నేను చెడ్డోన్ని అని రాసుకో, పడ్త. కానీ ఊరు మరిచిపోయింది సునీలా. అడుగుడు బందు వెట్టిన్రు. నువ్వు మల్ల యాది చేసినవ్."

"మామయ్యా, నేను మిమ్మల్ని చెడ్డగ రాయలే. ఒక్కసారి చదవండి."

"నా ఇంట్ల సంగతి నేను చదవాల్నా?" అని లేచాడు. "ఆ పుస్తకం బయటికొస్తె నేను చర్చి మెట్లు మల్ల ఎక్క. నువ్వు ఏది కావాలంటె అది చేసుకో. నేను ఆపను."

అన్నం ఉడుకుతున్న వాసన వస్తున్నా ఎవరూ కదలలేదు. పైనుంచి ఒక విమానం దిగుతూ పోయింది. ఆ చప్పుడు పోయేదాకా ఆగి, ఆయన లోపలికి వెళ్ళాడు.

*

సునీల భర్త బ్లెసన్ షిఫ్టు దిగి మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. విమానాశ్రయం కార్గోలో పని. వచ్చేసరికే అంతా తెలిసినట్టుంది, బూట్లు విప్పుతూ తల ఎత్తలేదు.

"అన్నం పెట్టాల్నా?" అంది సునీల.

"డాడీ తిన్నడా?"

"తినలే."

"అమ్మ?"

"ఆమె గూడ."

బూటు లేసు ముడిపడింది. దాన్ని లాగీ లాగీ, చివరికి అలాగే వదిలేసి ఆమె వైపు చూశాడు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన."

"ఎప్పుడు?"

"పుస్తకం వేస్తరట అని చెప్పిన. నువ్వు మంచం మీద పండి వీడియో చూస్తున్నవ్. మంచిగుంది అన్నవ్."

"ఏం పుస్తకమో చెప్పినవా?"

"అడిగితే చెప్పేదాన్ని."

బ్లెసన్ ముడిపడ్డ బూటును అలాగే కాలి నుంచి లాగేశాడు. అతను చెడ్డవాడు కాదు. ఆమెను ఒక్క మాట అన్నవాడు కాదు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ మేడ మీద నిలబడి, ఏ విమానం ఎక్కడికి పోతుందో అతను చెబుతుంటే ఆమె వినేది. ఎప్పుడు ఆగిపోయిందో ఇద్దరికీ తెలియకుండానే ఆ మాటలు ఆగిపోయాయి. ఇప్పుడు అతను ఇంట్లో ఉండే వేళల్లో నిద్రపోతాడు, మెలకువగా ఉండే వేళల్లో ఇంట్లో ఉండడు.

"నేను ఇవ్వాళ చదివిన," అన్నాడు చివరికి. "కార్గోల కూసొని ఫోన్ల చదివిన. మొత్తం కాదు. తబిత అన్న ఉన్నడు కదా, ఆయన సంగతి ఎతుక్కున్న."

సునీల అతని బూట్లు తీసి గోడవారగా పెట్టింది.

"ఆయనకు పేరు గూడ పెట్టలే నువ్వు. అన్న వచ్చిండు, అన్న పోయిండు. గంతే ఉన్నది."

"నీ గురించి చెడ్డగ రాయొద్దనుకున్న."

"చెడ్డగ రాసినా మంచిగుండు," అన్నాడు. "జర ఆపు సునీలా ఆ పుస్తకం. డాడీ కోసం. ఒక్క పుస్తకం కోసం అందరం గిట్ల పరేషాన్ కావాల్నా?"

ఆమె జవాబు చెప్పేలోపు అతను బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. నల్లా విప్పిన చప్పుడు చాలాసేపు వినబడింది.

*

సునీల మేడ మీదికి వెళ్ళింది.

అది ఒకప్పుడు షెకీనా గది. ఇనుప మంచం, కిటికీ, గోడ మీద వెలిసిపోయిన క్యాలెండరు. కరోనా రోజుల్లో బడంగ్‌పేట్‌లో తాను పాఠాలు చెప్పే ప్రైవేటు బడి మూతపడింది. మళ్ళీ తెరిచినప్పుడు పాత టీచర్లను పిలవలేదు. రోజంతా ఇంట్లో ఏం చేయాలో తోచక ఫోనులో బ్లాగు మొదలుపెట్టింది. మొదటి పోస్టు మాడిపోయిన పప్పు గురించి. ఎవరూ చదవలేదు. చదవకపోయినా రాయడం బాగుందనిపించింది. ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని ఊ కొడుతున్నట్టుండేది.

షెకీనా వెళ్ళిపోయాక గది ఖాళీ అయింది. పని అయ్యాక సునీల అక్కడికి చేరేది. తబిత అక్కడే పుట్టింది. తండ్రి వెళ్ళగొడితే ఏడుస్తూ పోయిన పిల్ల, ఎక్కడో పరాయి ఊళ్ళో ఇరుకు గదిలో కూర్చుని, ఆదివారం చర్చి గంట వినిపిస్తే దుప్పట్లో ముఖం దాచుకునే పిల్ల. వారం వారం చదివేవాళ్ళు పెరిగారు. 'తబితను ఇంక ఏడిపించకండి' అని రాసేవారు. ఏడిపించని వారం మాత్రం చదివేవాళ్ళు తగ్గేవారు.

దాన్ని నవలగా కూర్చి పంపితే ఒక ప్రచురణకర్త, బ్లాగు రాతలు పుస్తకానికి పనికిరావన్నాడు. ఇంకొకాయన జవాబే ఇవ్వలేదు. మూడోచోట మనీషా అనే ఎడిటరు తీసుకుంది. తీసుకుని, మొదటి నుంచి తిరగరాయించింది. వారానికోసారి పాఠకుల్ని నిలబెట్టుకోవడానికి రాసిన ముక్కలన్నీ తీసేయించింది. తాను నిజంగా రాయడం నేర్చుకుంది ఆ రోజుల్లోనేనని సునీలకు తెలుసు. ఆ సంతోషం చెప్పుకోవడానికి మాత్రం, ముఖం ఎరగని పాఠకులు తప్ప ఎవరూ లేకపోయారు.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. సీతమ్మ. మోకాళ్ళ నొప్పులతో ఆమె ఎన్నడూ మేడ ఎక్కదు. వచ్చి మంచం అంచున కూర్చుని ఊపిరి తీసుకుంది.

"పుస్తకం ఆపుతవా బిడ్డా?"

"ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు అత్తమ్మా."

"ఆపకు."

సునీల ఆశ్చర్యంగా చూసింది.

ఫోనులో అక్షరాలు చదవలేని సీతమ్మకు, మామయ్య బయటికి వెళ్ళిన పూటల్లో, తబిత కథ సునీలే చదివి వినిపించేది. సీతమ్మ చిక్కుళ్ళు తుంచుతూ వినేది. ఒక్కోసారి తుంచడం ఆపి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ తుంచేది. షెకీనా మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తేవారు కాదు.

"ఆపితే దాని సుద్ది నాకెట్ల తెలుస్తది?" అంది సీతమ్మ.

"అత్తమ్మా, అది..."

"ఆదివారం గంట ఇనపడితె ఏడుస్తదని రాసినవ్ కదా. అది ఇన్నప్పటి సంది నాకు జర నిమ్మలం. ఇంకా మనం యాదికున్నం దానికి." దుప్పటి మీద లేని మడతను చేత్తో సరిచేసింది. "మీ మామయ్యకు గిట్ల చెప్పకు."

అది నేను ఊహించి రాసిందే అని చెప్పాల్సిన క్షణం అదే. సునీల అది చెప్పలేదు. అత్తమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టు దిగిపోయేదాకా అలాగే కూర్చుంది.

*

సోమవారం పొద్దున మనీషా ఫోన్ చేసింది.

"సునీల గారూ, ఈ వారమే ప్రెస్సుకు పంపిస్తున్నామండీ. మీరు ఊఁ అంటే చాలు. ఎందుకో మీ గొంతు డల్‌గా ఉంది."

సునీల జరిగింది చెప్పింది.

"మీ మామగారు బాధపడతారని మీకు ముందే తెలుసు కదండీ. అది మీరు భరించాలో వద్దో మీరే తేల్చుకోవాలి. నేను వేరే మాట అడుగుతాను. ఆ అమ్మాయి ఏమంది?"

"ఎవరు?"

"మీ ఆడపడుచండీ. ఆవిడ చదివారా?"

"ఆమె కోసమే రాసినానండీ."

"అది కాదు. ఆవిడను అడిగారా?"

అడగాలన్న ఆలోచనే ఎన్నడూ రాలేదని ఆ క్షణం దాకా సునీలకే తెలియదు.

"ఒకసారి కలిసి రండి," అంది మనీషా. "ఆవిడ వద్దంటే నేను కూడా వేయలేను."

వంట ముగించి, సునీల బయటికి పోయొస్తానని సీతమ్మకు చెప్పి బయలుదేరింది. ఎక్కడికని ఆమె అడగలేదు. షేర్ ఆటోలో తుక్కుగూడ దాకా, అక్కడి నుంచి ఇంకో ఆటో. మంఖాల్ దగ్గర శ్రీశైలం రోడ్డు పక్కన వాళ్ళకు మొక్కల నర్సరీ ఉందని ఎప్పుడో ఎవరో అన్నారు. అదొక్కటే ఆనవాలు. దారి పొడుగునా షెకీనాకు చెప్పాల్సిన మాటలు అల్లుకుంటూనే ఉంది. ఆ పిల్ల తనను చూడగానే ఏడుస్తుంది. తాను పట్టుకుని ఓదారుస్తుంది. ఇన్నాళ్ళూ ఒక్కరన్నా నా గురించి తలుచుకున్నారు వదినా అంటుంది.

ఆకుపచ్చ నీడ పరదా కింద బారులు బారులుగా నల్ల సంచుల్లో మొక్కలు. తలపాగా చుట్టుకున్న ముసలాయన పైపుతో నీళ్ళు కొడుతున్నాడు. నవీన్ తండ్రి బిక్షం అయివుంటాడు. అవతల రేకుల షెడ్డులో ఇద్దరు ఆడవాళ్ళు గట్టిగా వాదించుకుంటున్నారు.

"మల్లెచెట్టు అంత అగ్గువకు ఎట్లిస్తవ్? నీకు దిమాకున్నదా?" అంటోంది పెద్దామె.

"ఆమె నాలుగు గులాబీలు గూడ తీసుకున్నది అత్తా. గిరాకి మల్ల రావాల్నా, వద్దా?"

"వస్తది. అగ్గువకిస్తె ఎవలైన వస్తరు."

మాట్లాడుతూ ఇటు తిరిగిన షెకీనా, సునీలను చూసి ఆగిపోయింది. మోచేతుల దాకా మట్టి. కొంచెం లావైంది. గొంతు కింద పుట్టుమచ్చ అలాగే ఉంది.

"వదినా," అంది. ఆ వెంటనే నవ్వింది. "నువ్వొస్తవని అనుకోలే. కూసో, కూసో. అత్తా, మా వదిన."

షెకీనా అత్త స్వరాజ్యం సునీలను ఎగాదిగా చూసి, "ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా బిడ్డా?" అని, చాయ పెట్టడానికి లోపలికి పోయింది.

ఇద్దరూ బోర్లించిన కుండీల మీద కూర్చున్నారు. షెకీనా ఏడవలేదు. అమ్మ మోకాళ్ళ గురించి అడిగింది. అన్న ఇంకా షిఫ్టులే చేస్తున్నాడా అని అడిగింది. నవీన్ కాటేదాన్‌కు ప్లాస్టిక్ కుండీలు తేవడానికి పోయాడని చెప్పింది. అల్లుకొచ్చిన మాటల్లో ఒక్కటీ సునీలకు పనికి రాలేదు.

"పుస్తకం సంగతి మాట్లాడనీకె వచ్చినవ్ కదా," అని షెకీనాయే అంది.

"నీకు తెలుసా?"

"నేను మొదట్నుంచి చదువుతున్న. పప్పు మాడిన కథ నాడే తెల్సింది నువ్వేనని. మాడిన గిన్నెల ఉప్పు పోసి నానబెట్టేది మన ఇంట్ల నువ్వొక్కదానివే." మళ్ళీ నవ్వింది. "తబితది గూడ అంత చదివిన. ఒకసారి కామెంట్ గూడ పెట్టిన, వేరే పేరు మీద. తబిత ఒక్కసారన్న నవ్వదా అని అడిగిన. నువ్వు అందరికి జవాబిచ్చినవ్, దానికియ్యలే."

సునీలకు ఆ కామెంటు గుర్తుంది. ఎవరో కథ అర్థం కానివాళ్ళు రాశారనుకుంది.

"నీకు కోపమొచ్చిందా?"

"కోపం గాదు. ఏం చెప్పాలె?" షెకీనా గోళ్ళలో మట్టి తీసుకుంటూ ఆలోచించింది. "నేను పోయిన రోజు ఏడ్చుకుంట పోయిన్నని రాసినవ్. నేను ఏడ్వలే వదినా. బస్టాండ్ల నిలబడి మిర్చి బజ్జీలు తిన్న. పొద్దుగాల్నుంచి ఏం తినలే, ఆకలి. నవీన్‌కు చెప్పు తెగింది. రిజిస్ట్రారు ఆఫీసుకు ఒక్క చెప్పు మీద వచ్చిండు. నవ్వి నవ్వి నాకు కడుపు నొచ్చింది."

"మరి మామయ్య?"

"డాడీ యాదికొస్తడు. రాడని ఎట్లంట? పని నడుమల వస్తడు. మల్ల ఎవరో వచ్చి నిమ్మ మొక్క అడుగుతరు. ఆదివారం గంట ఇని ఏడుస్తదట తబిత. ఈడ గంట యాడిది? లారీలే."

స్వరాజ్యం చాయ తెచ్చిచ్చింది. ఇద్దరి ముఖాలూ చూసి, మళ్ళీ లోపలికి పోయింది.

"నేను నీ తరఫునే రాసిన షెకీనా," అంది సునీల. తన గొంతు తనకే చిన్నగా వినబడింది. "నీకు అన్యాయం జరిగిందని."

"జరిగింది. లేదంటనా? నా పెండ్లికి మా అమ్మ లేదు. కానీ దానితోని నేను బతుకుతలేను." షెకీనా చాయ తాగి గ్లాసు కింద పెట్టింది. "ఆ పిల్ల దినమంత కిటికి కాడ కూసుంటది. ఎవలు మాట్లాడరు. మెట్ల మీద అడుగుల సప్పుడు ఇనుకుంట, ఎవలన్న వస్తున్నరా అని చూస్తది. ఎవలు రారు. అది మన మేడ మీది గదినే. నేను ఆ గదిల ఎన్నడన్న గంట సేపు కూసున్ననా? అమ్మ కర్రతోని కొడుతుండె నన్ను ఇంట్ల ఉండుమని." కొంచెం ఆగింది. "చదివిన ప్రతిసారి నాకు ఏడుపొచ్చింది, నిజం. నా కోసం గాదు. ఆ తబిత నువ్వు వదినా."

నీళ్ళ పైపు చప్పుడు ఆగింది. బిక్షం ఇంకో వరసకు పోతున్నాడు.

"అచ్చు వేయించుకో," అంది షెకీనా. "నాకేం నామోషి లేదు. కానీ అది నేనని అమ్మకు చెప్పకు. నేను ఏడుస్తున్న అనుకుంటే ఆమె అన్నం ఎట్ల తింటది?"

ఆ మాట వింటేనే అత్తమ్మకు అన్నం సహిస్తోందని ఎలా చెప్పాలి? సునీల చాయ గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

బయలుదేరుతుంటే షెకీనా ఆటో దాకా వచ్చింది. "నాలుగేండ్లల నా గురించి గంత రాసినవ్. ఒక్కనాడన్న రాకపోతివి," అంది. నిష్ఠూరంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. జవాబు కోసం మాత్రం ఆగలేదు. ఎవరో కారు దిగి పిలుస్తుంటే చేయి ఊపి వెళ్ళిపోయింది.

*

ఆటోలో సునీల అంచున కూర్చుంది. గాలికి కళ్ళు మండుతున్నాయి.

ఇన్నాళ్ళూ తనకు ఎవరూ లేరని ఎన్నడూ అనుకోలేదు. బ్లెసన్ మాట్లాడకపోయినా, బడి పిల్లలు మరిచిపోయినా, పైగదికి పోతే తబిత ఉండేది. తన కంటే ఒంటరి పిల్ల ఒకతి ఉందని, ఆమెను తాను ఓదారుస్తున్నానని ధైర్యంగా ఉండేది. ఇప్పుడు ఆ గదిలోకి పోతే ఎవరుంటారు?

పుస్తకం అచ్చయితే అట్ట మీద తన పేరుంటుంది. లోపల కూడా తానే ఉంటుంది. మామయ్యకు తెలియదు, చర్చిలో నవ్వినవాళ్ళకు తెలియదు, బ్లెసన్‌కు అసలే తెలియదు. వేలమంది చదివారు, ఒక్క షెకీనా కనిపెట్టింది.

పర్సులో ఫోను మోగింది. మనీషా. తీయలేదు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. బ్లెసన్ సాయంత్రం షిఫ్టుకు వెళ్ళిపోయాడు. సీతమ్మ వంటింట్లో ఉన్నట్టుంది, గిన్నెల చప్పుడు వినబడుతోంది. డేవిడ్ రాజు వరండా కుర్చీలోనే ఉన్నాడు. నిన్నటి నుంచి ఆయన కోడలితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆమె తల దించుకుని పక్కనుంచి లోపలికి పోబోయింది.

"మంఖాల్‌కు పోయినవా?"

సునీల ఆగింది. "పోయిన మామయ్యా."

ఆయన రోడ్డు మీద పోయే బండ్లను చూస్తూ కూర్చున్నాడు. పుస్తకం గురించే అడుగుతాడని, ఆపేస్తున్నావా అంటాడని ఆమె అనుకుంది.

"ఎట్లున్నది?"

నాలుగేళ్ళలో మొదటిసారి. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మంచిగున్నది. నర్సరీ నడుపుతున్నరు. జర ఒళ్ళొచ్చింది."

"నా గురించి అడిగిందా?"

"యాదికొస్తరు అన్నది."

డేవిడ్ రాజు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. కరెంటు స్తంభాలెక్కి కాయలు కాసిన చేతులు.

"ఏడ్చిందా?"

ఎలాంటి జవాబు కోసం ఎదురుచూస్తున్నాడో ఆయన ముఖంలో రాసినట్టే ఉంది. ఇన్నేళ్ళూ ఆ ఒక్క జవాబు కోసమే ఆయన వరండాలో కూర్చున్నాడేమో. ఏడ్చింది మామయ్యా, గంట వినిపిస్తే ఏడుస్తుందట, మీరు పిలిస్తే చాలట. ఆ మాటలన్నీ సునీల దగ్గర సిద్ధంగా ఉన్నాయి. తానే రాసింది, ఎన్నోసార్లు దిద్దింది, ఒక్కటీ తడబడకుండా చెప్పగలదు. చెబితే ఈ రాత్రికి ఈ ఇంట్లో అందరూ అన్నం తింటారు. పుస్తకం గురించి కూడా ఇంకెవరూ ఏమీ అనరు.

వంటింటి గుమ్మంలో సీతమ్మ చీర అంచు కనబడుతోంది.

"లేదు మామయ్యా," అంది సునీల. "నవ్వింది."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. తప్పు విన్నానేమో అన్నట్టు చూశాడు.

"నవ్విందా?"

"నన్ను చూసి నవ్వింది. వాళ్ళ అత్తతోని కొట్లాడుకుంట గూడ నవ్వింది. నేను రాసిందంత నా ఊహనే మామయ్యా. ఆమె ఏడుస్తలేదు. ఏడుస్తున్నది ఆమె గాదు."

గుమ్మంలో చీర అంచు మాయమైంది. లోపల స్టూలు జరిగిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. అత్తమ్మ దగ్గరికి పోవాలా, మామయ్య దగ్గర ఉండాలా తెలియక సునీల నడవలోనే నిలబడిపోయింది.

డేవిడ్ రాజు లేచాడు. చేతికర్ర తీసుకోలేదు, ఎక్కడికని చెప్పలేదు. చెప్పులేసుకుని ఇంటి ముందు వీధిలో నెమ్మదిగా నడిచాడు. వీధి చివర రోడ్డు రెండుగా చీలుతుంది. కుడివైపు పోతే చర్చి. పోయి ఒక్క మాటంటే సంఘంలో పేరు మళ్ళీ రాసుకుంటారు. ఎడమవైపు, పెట్రోలు బంకు దాటగానే తుక్కుగూడ పోయే ఆటోలు ఆగుతాయి.

మూల మీదికి చేరి డేవిడ్ రాజు నిలబడ్డాడు. ఒక ఆటో వచ్చి ఆయన పక్కన వేగం తగ్గించి, కొంచెం చూసి, వెళ్ళిపోయింది. ఆయన ఇంకా ఎటూ తిరగలేదు.